ఇంజన్ సెట్టయ్యేదాకా

"కాస్త దిగవే రత్నం, బండి కింద తగిలేస్తాది," అన్నారు మా ఆయన.

దిగాను. కిరండూల్ నుంచి జగదల్‌పూర్ వెళ్ళే దారిలో ప్రతి స్పీడ్‌బ్రేకర్ దగ్గరా ఇదే మాట. ఆ కారు నేలకు జానెడెత్తున ఉంటుంది. రెండే సీట్లు. నా బరువు తగ్గితే ఇంకో అంగుళం లేస్తుందట. నన్ను దింపి, బండిని ఏటవాలుగా దాటించి, అవతల ఆపి ఎక్కించుకునేవారు. చీర కుచ్చిళ్ళు పట్టుకుని ఆ లోతులోంచి లేవడం యాభై దాటిన నా మోకాళ్ళకు చిన్న పని కాదు. ఇప్పపువ్వు బుట్టతో పోతున్న ఒకావిడ నన్ను చూసి పక్కామెతో ఇక్కడి హల్బీ భాషలో ఏదో అంది. పెళ్ళాన్ని నడిపించి బండిని ముద్దు చేస్తున్నాడు అని నాకర్థమైంది. ఇంకో రోజైతే నేనూ నవ్వేదాన్నే.

ఆ రోజు మా అమ్మ జగదల్‌పూర్ ఆసుపత్రిలో ఉంది. పొద్దున్న ఏడింటికి తమ్ముడు సునీల్‌కుమార్ ఫోన్ చేశాడు. "అక్కా, అమ్మ నిన్నే అడగతంది. బేగి రా." ఎనిమిదింటి బస్సుకు వెళ్దామని సంచి సర్దుకున్నాను. మూడు గంటల దారి. "ఇంటి ముందు ఇలాటి బండెట్టుకుని బస్సేటే? జనాలు ఏటనుకుంటారు?" అన్నారాయన.

మా ఆయన రైలు ఇంజన్ నడుపుతారు. పాతికేళ్ళుగా ఇనుపరాయి వ్యాగన్లను ఘాట్లలో నత్తలా దింపడమే ఉద్యోగం. అందుకే ఆ కారు మీద మోజు పడితే నేను కాదనలేదు. బచేలీలో ఒక లారీల యజమాని కొని, నాలుగు వందల కిలోమీటర్లయినా తిరగకుండా అమ్మేశాడు. పదిహేను వందలు తిరిగేదాకా కొత్త ఇంజన్‌ను తొందరపెట్టకూడదని ఈయన బండితో వచ్చిన పుస్తకం రోజూ చదివేవారు. "మెల్లగా అలవాటు చెయ్యాలే. పసిపిల్లలాటిది." నేను పెళ్ళయి వచ్చిన మూడో రోజే ఆరుగురి వంట నా చేతికొచ్చింది. "కొత్తేటి, పాతేటి? పొయ్యి ఎక్కడైనా పొయ్యే," అంది మా అత్తగారు. అప్పుడు ఏ పుస్తకం ఎవరూ చదవలేదు.

ఆ రోజూ బండి వేగం యాభై దాటనివ్వలేదు. బచేలీలో ఒకసారి, దంతెవాడలో ఒకసారి ఇంజన్ చల్లారాలని ఆపారు. "ఇవాళ ఒక్కరోజుకి కాస్త తొందరగా పోనివ్వండి," అన్నాను. "ఇంజన్ పాడైపోతే జన్మకి బాగవదు. నీకు తెలీదు, ఊరుకో." దంతేశ్వరి అమ్మవారి గుడివైపు తిరిగి దండం పెట్టుకున్నాను. నయం చెయ్యమని అడగలేదు. నేను చేరేదాకా ఉంచమని అడిగాను.

గీదంలో దిగి నిలబడినప్పుడు నా పక్కనే బస్సు ఆగింది. "జగదల్‌పూర్, జగదల్‌పూర్! ఆవో అమ్మా!" అని కండక్టర్ చెయ్యి చాపాడు. తలుపు తెరిచే ఉంది. కారు అవతల ఆగి హారన్ కొట్టింది. నేను కారెక్కాను. ఎవరూ నన్ను పట్టి లాగలేదు. అలవాటైన కాళ్ళు అటే పోయాయి.

మేము చేరేసరికి రెండయింది. అమ్మ ఒంటిగంటకు పోయింది. "ఒంటిగంట దాకా గుమ్మంవైపే చూసింది వదినా," అని మరదలు ఏడ్చింది. తమ్ముడు ఏడవలేదు. "ఎనిమిదింటికి బయల్దేరి ఇప్పుడా అక్కా?" అన్నాడు. "బండి కొత్తదిరా, తొందరగా తోలకూడదు, మీ బావేం చేస్తారు?" అన్నాను. పరామర్శకు వచ్చిన ప్రతివాళ్ళకూ అదే చెప్పాను. పదకొండు రోజులూ ఆయన తరఫున నేనే మాట్లాడాను. అమ్మవారు నా మొర వినలేదనీ అనుకున్నాను.

పెద్దకార్యం అయిన మర్నాడు తిరుగు ప్రయాణం. పదిహేను వందలు నిండాయి, ఎలాగూ వచ్చాం కదా అని బండిని మొదటి సర్వీసుకు ఇచ్చారు. మెకానిక్ సంజయ్ నూనె మార్చి, బండికి కంప్యూటర్ తగిలించి చూశాడు. ఉన్నట్టుండి నవ్వాడు.

"క్యా సర్, ఈ నెల పదో తారీఖున నూట నలభై స్పీడు కొట్టించారు?"

ఆ పదో తారీఖు ఆదివారం. అమ్మ పోయింది ఆ గురువారం. ఈయన నావైపు చూడలేదు. "మాతో పనిచేసే పైడిరాజుగాడు పందెం కాసేడు. బార్సూర్ రోడ్డు ఖాళీగా ఉందని... ఇంజన్‌కేటీ అవలేదు కదా?"

"ఏక్ బార్ సే కుఛ్ నహీ హోతా, సర్," అన్నాడు సంజయ్.

ఒక్కసారికి ఏమీ కాదు.

ఈయన ఊపిరి పీల్చుకుని బండి నెత్తిన ప్రేమగా తట్టారు. సాయంత్రం నా పక్క తలుపు తీసి పట్టుకున్నారు, ఎప్పుడూ లేనిది. "ఎక్కవే. ఇంక ఎంతైనా తోలొచ్చు. రెండు గంటల్లో ఇంట్లో ఉంటాం."

"మీరు వెళ్ళండి. నేను అమ్మ మాసికం దాకా ఇక్కడే ఉంటాను."

"మరి వంట?"

నేను సంచి తీసుకుని తమ్ముడి క్వార్టర్ వైపు నడిచాను. తెలియక చెప్పిందే అయినా, వాడికి చెప్పిన అబద్ధాన్ని నా నోటితోనే దిద్దాలి.