ఒత్తిగిలిన చోటు

చర్చి పక్కన, గంటకు బదులు మోగించే తొలిచిన దుంగలో రాత్రి ఊరిన ఉప్పునీటిని ఫలనికో కొబ్బరి చిప్పతో తోడి పోశాడు. గుడ్డతో లోపలంతా తుడిచాడు. తరవాత కర్ర తీసుకుని మూడు వరుసలు కొట్టాడు. ముప్పై నాలుగేళ్లుగా ఆ దీవిలో పొద్దు అతని చేతి మీదుగానే పొడుస్తోంది. ఇవాళ దుంగ మోత జలుబు చేసిన గొంతులా ఉంది. ప్రార్థనకు పదకొండుమందే వచ్చారు. మిగతావాళ్లు మూటలు కట్టుకుంటున్నారు.

మధ్యాహ్నం ఓడ వస్తుంది. పులకా దుంపల గుంటల్లోకి సముద్రపు నీరు ఊరడంతో పంట కుళ్లిపోయాక, ఊరు ఖాళీ చేసి రాజధాని దీవి ఫునఫుటికి వెళ్లడం మేలని పెద్దలు తేల్చారు. అయినా వెళ్లాలో ఉండాలో ఏ ఇంటికి ఆ ఇంటివాళ్లే దేవుణ్ణి అడిగి జవాబు చెప్పాలి. అది అక్కడి పద్ధతి. ఫలనికో ఒక్కడే ఇంకా చెప్పలేదు. అతని భార్య తిలెసా ఇంటి ముందే సిమెంటు సమాధిలో ఉంది.

"బైబిల్లో ఒకాయన రాత్రి గొర్రెబొచ్చు పరిచి, మంచుకు తడుస్తుందో లేదో చూసి దేవుడి మాట తెలుసుకున్నాడు కదండీ," అన్నాడు నిన్న పాస్టరుగారితో.

"మనకు గొర్రెలెక్కడివయ్యా?"

"చాప ఉంది."

పాస్టరుగారు నవ్వారు. ఫలనికో నవ్వలేదు. రాత్రి తిలెసా అల్లిన చాపను సమాధి పక్కన పరిచి, మంచుకు తడిస్తే ఉంటాననీ, పొడిగా ఉంటే వెళతాననీ మొక్కుకున్నాడు. తనకేం కావాలో తనకు తెలియకూడదనే దేవుణ్ణి అడిగాడేమో.

ప్రార్థన అయ్యాక ఇంటికి వచ్చి చూశాడు. చాప తడిసింది, రెండు చోట్ల తప్ప. కుడివైపు మనిషి పొడవున ఒక పొడి మచ్చ. దాని పక్కనే మరొకటి, కాస్త పొట్టిగా.

అతను కదలకుండా నిలబడ్డాడు. చెల్లెలు సికిలీతి ఉడికించిన చేప తెచ్చి, అతని మొహంలోకి చూసి ఆగిపోయింది.

"అన్నయ్యా, ఆ బుగ్గేంటి? చాప అల్లిక అచ్చంతా దిగిపోయింది!"

తడుముకున్నాడు. గళ్లు గళ్లుగా చేతికి తగిలింది.

"నేను గదిలోనే నిద్ర లేచాను."

"నిద్రలో నడిచుంటావులే. చిన్నప్పుడు కొబ్బరిచెట్టు ఎక్కబోతే అమ్మ నీ కాలికి తాడు కట్టి పడుకునేది, మరిచిపోయావా? బాగుంది వరస! జవాబు నువ్వే రాసుకుని దేవుడి చేత సంతకం పెట్టిస్తావా?"

"సరే, అది నేనే. మరి ఇది?"

సికిలీతి రెండో మచ్చ చూసింది. నవ్వు పెదాల మీదే ఆగిపోయింది. కట్టుబట్ట అంచు దానికి తగలకుండా ఎత్తిపట్టుకుని, చుట్టూ తిరిగి ఇంట్లోకి వెళ్లింది. చేప గిన్నె గుమ్మం మీదే ఉండిపోయింది.

ఫలనికో మోకాళ్ల మీద వంగాడు. రెండో మచ్చలో మోకాళ్లు ముడుచుకుని ఉన్నాయి. వీపు అతని చోటు వైపు తిరిగి ఉంది. ఒక మడమ మాత్రం వెనక్కి చాచి, అతని పిక్క ఉండాల్సిన చోటును తాకుతోంది.

అరచేయి ఆనించాడు. చల్లగా ఉంది.

పెళ్లయిన నాటి నుంచీ తిలెసా తెల్లవారుజామున అటు ఒత్తిగిలి, మడమతో అతని పిక్క మీద తన్నేది. "లే. వెళ్లు. ఊరంతా నీకోసం చూస్తోంది," అనేది, కళ్లు తెరవకుండానే. అతను వెళ్లేదాకా ఇటు తిరిగేది కాదు. ఎన్నోసార్లు అతను నిద్ర నటించి మరో తన్ను తిన్నాడు.

ఇది దేవుడి మాటో, ఆమెదో, తన నిద్రదో విడదీసి చూడాలనుకున్నాడు. విడిపోలేదు. మూడింటిలోనూ ఒకే తన్ను.

"చెల్లీ, నా మూట కూడా కట్టు," అన్నాడు.

ఎండెక్కాక పడవ దగ్గర సికిలీతి అతని ఖాళీ చేతులు చూసింది.

"దుంగ కర్రేది?"

"చాప మీద నా చోటు ఖాళీగా ఉంటే బాగుండదు."

పడవ ఓడను చేరింది. ఓడ పగడపు గట్టు దాటింది. ఫలనికో గట్టు వైపు వీపు పెట్టి కూర్చున్నాడు.

సాయంత్రపు పోటుకు ఇసకలోంచి నీరు ఊరుతూ సమాధి చుట్టూ చేరింది. చాప నేల విడిచి మెల్లగా లేస్తూ దిగుతూ ఉంది. దాని మీద కుడివైపు ఉంచిన దుంగ కర్ర ఎడమన తిలెసా చోటు వైపుకు కొంచెం కొంచెంగా దొర్లి, సగంలో ఆగింది.