చక్రవర్తి చెయ్యి

బొమ్మ నవ్వించకపోతే బొమ్మను ఆడించేవాళ్ల బతుకు బండలే. చిట్టి ఆడించే బొమ్మ ఎంతకీ నవ్వించడం లేదు.

ఆ బొమ్మ లోకాలన్నిటినీ పిండి చేసే అంతరిక్ష చక్రవర్తి. గ్రహాల మధ్య యుద్ధాలంటూ జనం వెర్రెత్తి చూసే సినిమాలు ఒకదాని వెనక ఒకటి వస్తున్నాయి కదా, వాటిని వెక్కిరిస్తూ ఒక చిన్న స్టూడియో బొమ్మల సినిమా తీస్తోంది. అందులో అంతరిక్ష నౌకలంటే పాత ఇస్త్రీ పెట్టెలు. సైనికుల టోపీలు సీసా మూతలు. బొమ్మను వెంట్రుకవాసి కదపడం, ఫొటో తీయడం, మళ్లీ వెంట్రుకవాసి కదపడం, ఇదీ చిట్టి ఉద్యోగం. పొద్దస్తమానం నడుం విరగ్గొట్టుకుంటే చక్రవర్తిగారు ఒక్కసారి తుమ్ముతారు.

అసలు తంటా మీట దగ్గర వచ్చింది. చక్రవర్తి ఒక గ్రహాన్ని పేల్చబోయి, పక్క మీట నొక్కి తన నౌకనే పేల్చుకోవాలి.

"వీడు చక్రవర్తిలా లేడమ్మా, లిఫ్టు కోసం నిలబడ్డవాడిలా ఉన్నాడు," అన్నాడు దర్శకుడు. "ఎవరినైనా చూసి పట్టుకో. ఈ సీను పండకపోతే ఇంకొకళ్లకి ఇచ్చేస్తా."

చూసి పట్టుకోవడం ఈ పనిలో మామూలే. మనుషుల నడకా వాటమూ ఫోనులో వీడియో తీసుకుని, దాన్ని చూస్తూ బొమ్మను కదుపుతారు. పట్టుకోవడానికి చిట్టికి ఊరంతా ఉంది. పట్టుకున్నది మాత్రం బావని.

బావ, అంటే అక్క మొగుడు, దర్జీ. కొంతకాలంగా ఆయన కుడిచెయ్యి వణుకుతోంది. ఒకసారి చిట్టి ముందే టీ ఒలకబోసుకుని, "మీ అక్కకి చెప్పకే, మరదలా. దర్జీ చెయ్యి వణుకుతోందంటే గుడ్డ ఎవరిస్తారు?" అని బతిమాలాడు. చెప్పనని ఒట్టేసింది. నోటితో చెప్పలేదు కూడా.

చక్రవర్తికి బెత్తెడు అంగీ కుట్టిపెట్టింది ఆ బావే. అది తెచ్చుకుందామని వెళ్లిన చిట్టి కొట్టు గుమ్మం పక్కనే ఆగిపోయింది. లోపల దారం సూది చుట్టూ ప్రదక్షిణలు చేస్తోంది గాని బెజ్జంలోకి పోవడం లేదు. బావ ఎడం చేత్తో కుడి మణికట్టును పట్టుకున్నాడు. అయినా లాభం లేక ఆ చేతిని చొక్కా కింద దాచుకుని, ఎవరైనా చూశారేమోనని అటూ ఇటూ చూశాడు. అప్పటికే చిట్టి ఫోను పైకెత్తి వీడియో తీస్తోంది.

తర్వాత మీట దగ్గర చక్రవర్తి అచ్చం అలాగే చేశాడు. దర్శకుడు కుర్చీలోంచి జారిపోయేంతగా నవ్వాడు. 'బావను ఆటపట్టించే హక్కు మరదలికి లేదా ఏం? అయినా బొమ్మకున్న ఈ కొమ్ముల మొహంలో ఎవరు పోల్చుకుంటారు?' అని చిట్టి తనకి తానే సర్దిచెప్పుకుంది. తప్పు చేసేటప్పుడు ఎక్కడలేని తర్కమూ వస్తుంది మనుషులకి.

సినిమా పూర్తయ్యాక ఇళ్లవాళ్లను పిలిచి వేశారు. ఇస్త్రీ చొక్కా తొడుక్కుని వచ్చిన బావ అక్కకీ చిట్టికీ మధ్య కూర్చున్నాడు.

"నా అంగీ ఎప్పుడొస్తుందే?" అని మరదలిని అడిగాడు.

"నోరు మూసుకుని చూడండి," అంది అక్క.

మీట సీను వచ్చింది. హాలంతా గొల్లుమంది. అక్కకైతే నవ్వి నవ్వి కళ్లనీళ్లొచ్చాయి. నవ్వు నాలుగు విధాల చేటంటారు. చక్రవర్తి చేతిని అంగీలో దాచుకుని అటూ ఇటూ చూసేసరికి, అక్క నవ్వు సగంలో తెగిపోయింది. తెర వదిలేసి మొగుడి వైపు తిరిగింది. బావ అందరితోపాటు నవ్వుతూనే ఉన్నాడు, చేతులు రెండూ తొడల కింద పెట్టుకుని. అక్క కుడిచేతిని బయటికి లాగి తన ఒళ్లో పెట్టుకుంది. అది అక్కడా వణికింది.

"ఎన్నాళ్లనుంచండీ?"

బావ తెరవైపే చూస్తూ ఉండిపోయాడు. వెనక వరసవాళ్లు ఇంకా నవ్వుతున్నారు. చిట్టికి తల కొట్టేసినట్టయింది. ఒక్కొక్క నవ్వునూ తనే చేతులారా తయారుచేసింది మరి.

దీపాలు వెలిగాక అక్క చెల్లెల్ని దాటుకుని బయటికి నడిచింది. చిట్టి బావ ముందు నిలబడింది గాని, మొహం ఎత్తే ధైర్యం లేదు.

"బావా..."

"అంగీ బాగానే అమరిందే," అన్నాడు ఆయన. "ఆ రోజు గుమ్మం దగ్గర ఉన్నది నువ్వేనన్నమాట."

"ఊఁ."

"ఎవరో వచ్చిన అలికిడైతే పిలిచాను. 'ఎవరమ్మా అక్కడ, కాస్త ఈ సూదిలో దారం ఎక్కించి పెట్టండి' అని. పలక్కపోతే ఎవరూ లేరనుకున్నా."

ఆయన మాటలో కోపం లేదు. చేతిని జేబులో పెట్టుకుని, అక్క వెళ్లిన వైపు వెళ్లిపోయాడు.

ఆ పిలుపు చిట్టి విన్నది. ఫోను వీడియోలోనూ ఉంది. బొమ్మను కదిపినన్నాళ్లూ శబ్దం ఆపేసి చూసిందంతే.