పాత క్యాంపర్ అమ్మబడును

ఓర్లిన్ ట్వైట్ అబద్ధమాడి ఎరగడు. అది గొప్ప గుణమే, కాదనం. కానీ పాత బండి అమ్ముకునేవాడికి ఉండవలసిన గుణం మాత్రం అది కాదని, అతని భార్య ఆర్డిస్‌కి ఆ జూన్ నెలలో బాగా తెలిసివచ్చింది.

అమ్మవలసింది ఒక క్యాంపర్. పికప్ బండి వీపు మీద ఎక్కి కూర్చునే చిన్న ఇల్లన్నమాట. వెనక తలుపు, లోపల పొయ్యి, సింకు, ఒక బల్ల, దాని పక్కన సన్నటి బెంచీ. పడుకునే మంచం మాత్రం ముందుకు పొడుచుకొచ్చి డ్రైవరు నెత్తిన ఉంటుంది. నిచ్చెన ఎక్కి, మోకాళ్ళ మీద పాకి, అటు దొర్లితే గానీ పడక దొరకదు. ఏళ్ళ తరబడి ప్రతి జూలైలోనూ మొగుడూ పెళ్ళాలిద్దరూ దాన్నేసుకుని ఉత్తరాన ఉన్న సరస్సుకు వెళ్ళడం, చేపలు పట్టడం, దోమలకు రక్తదానం చేసి తిరిగి రావడం అలవాటు. ఏడాదంతా ఆర్డిస్ ఎదురుచూసేది ఆ పదిహేను రోజుల కోసమే.

ఇప్పుడామెకు డెబ్బై దాటాయి. ఎడమ తుంటి అరిగిపోయింది. ఆ మంచం ఎక్కడం ఇక ఆమె వల్ల అయ్యే పని కాదు. పక్క ఊళ్ళో లోవెల్ అనే అతనికి క్యాంపర్ల దుకాణముంది. అక్కడ ఆమె ఒక బండి చూసి పెట్టుకుంది. వెనకాల తగిలించుకుని లాక్కెళ్ళేది. అందులో మంచం మోకాలెత్తున ఉంది. వెళ్ళి కూర్చుంటే చాలు, పడుకున్నట్టే. అది దొరికితే జూలైలో సరస్సుకు వెళుతుంది. దొరక్కపోతే చర్చిలో పనుందని చెప్పి ఇంట్లో ఉండిపోతుంది, ఆ పైన ఏ జూలైలోనూ వెళ్ళదు. ఇదంతా మనసులో తేల్చేసుకుంది గానీ మొగుడితో ఒక్క ముక్క అనలేదు.

ఎందుకనలేదంటే, వాళ్ళుండే అమెరికా ఉత్తరపు అంచున, పశ్చిమ మిన్నెసోటాలో అలాంటివి అనరు. అక్కడ ఎవరిని ఎలా ఉన్నావని అడిగినా "పర్వాలేదు" అంటారు. కూతురి పెళ్ళి ఘనంగా జరిగినా పర్వాలేదు, వడగళ్ళు పడి మొక్కజొన్న చేను నేలమట్టమైనా పర్వాలేదు. తుంటి ఎలా ఉందని డాక్టరు అడిగితే ఆర్డిస్ అదే మాటంది. పాపం ఆయన ఆ ప్రాంతానికి కొత్త. నిజమే కాబోలనుకుని మాత్రలిచ్చి పంపేశాడు. మొగుడితోనేమో కొత్త క్యాంపర్‌లో కర్టెన్లు నచ్చాయని చెప్పింది.

"కర్టెన్ల కోసం క్యాంపర్ మారుస్తారా ఎవరైనా?" అన్నాడు ఓర్లిన్.

"బావున్నాయి మరి," అంది ఆర్డిస్.

పెళ్ళాం ముచ్చటపడితే కాదనే మనిషి కాదు ఓర్లిన్. మార్చడానికి ఒప్పుకున్నాడు. చిక్కల్లా పాతదాని దగ్గర వచ్చింది. పాతది తనకిచ్చేస్తే కొత్తదాని ధరలో తొమ్మిది వేల డాలర్లు తగ్గిస్తానన్నాడు లోవెల్. ఓర్లిన్ మొహం మాడిపోయింది. బయట అమ్మితే కళ్ళు మూసుకుని పద్నాలుగొస్తాయని అతని లెక్క. ఇక తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు.

"నీ ఇష్టం ఓర్లిన్. కానీ ఆ బండి కోసం ఫార్గో నుంచి ఇంకో జంట తిరుగుతోంది. నెలాఖరు శనివారం దాకా ఆపుతా. ఆపైన నా చేతుల్లో లేదు," అన్నాడు లోవెల్.

ఓర్లిన్ ఇంటికొచ్చి ఒక చెక్క మీద పెద్ద అక్షరాలతో రాసి వాకిట్లో పాతాడు. "పాత క్యాంపర్ అమ్మబడును. పర్వాలేదు. కప్పు ఒకసారి కారింది."

ఆర్డిస్ అది చదివి తల పట్టుకుంది. "కప్పు సంగతి బోర్డు మీద ఎందుకయ్యా?"

"కారింది కదా."

"ఎప్పుడో కారింది. బాగు కూడా చేయించావు. మళ్ళీ చుక్క పడలేదు."

"అయినా కారింది కదా," అన్నాడు ఓర్లిన్. హరిశ్చంద్రుడు కాటికాపరి కొలువు చేశాడు గానీ పాత బండ్ల వ్యాపారానికి దిగలేదు. ఎందుకో ఇప్పుడు అర్థమవుతుంది.

మొదట వచ్చినవాడు టెక్సాస్ మనిషి. అల్లుడింటికి చుట్టపుచూపుగా వచ్చి, దారిన పోతూ బోర్డు చూసి ఆగాడు. క్యాంపర్ తలుపు తీయకముందే ఓర్లిన్ దాని లోపాలు ఏకరువు పెట్టాడు. ఒక చలికాలం కింది సొరుగులో ఎలుక కాపురం పెట్టింది. ఫ్రిజ్ తలుపు మోకాలితో ఒక్కటిస్తే గానీ పడదు. వాన పడితే తాళం బిగుసుకుంటుంది. టెక్సాస్ మనిషి టోపీ తీసి తల గోక్కుని, "ఇంతకీ ఇందులో మంచిదేదైనా ఉందా పెద్దాయనా?" అన్నాడు.

ఓర్లిన్ చాలాసేపు ఆలోచించాడు. "పొయ్యి పర్వాలేదు," అన్నాడు.

ఆ ఊరివాడైతే ఆ మాటకు పొంగిపోయి అక్కడికక్కడే బయానా ఇచ్చేవాడు. టెక్సాస్ మనిషి బయానా కాదు కదా, వెనక్కి తిరిగి కూడా చూడలేదు.

రెండోసారి వచ్చినవాడు గేలెన్, చర్చిలో వీళ్ళ వెనక వరసలో కూర్చునే ఆసామి. ఇతనికి ఊరి భాష వచ్చు. క్యాంపర్ నిజంగానే కావాలి కూడా. గండం గట్టెక్కినట్టేనని ఆర్డిస్ కాఫీ పెట్టి, నిమ్మకాయ మిఠాయి ముక్కలు పళ్ళెంలో సర్దింది. గేలెన్ మర్యాద ప్రకారం రెండుసార్లు వద్దని మూడోసారి తీసుకున్నాడు. వాన గురించి, పంటల గురించి అయిపోయాక అసలు విషయానికొచ్చారు.

"పద్నాలుగంటే సబబే," అన్నాడు గేలెన్.

"ఎక్కువ చెప్పానేమో. పన్నెండున్నర చాల్లే," అన్నాడు ఓర్లిన్.

"మరీ అంత తక్కువా? నీకు అన్యాయం చేసినవాణ్ణవుతాను. పదమూడన్నా ఉండనీ."

"అంతెందుకయ్యా, కప్పు కారిన బండికి?"

వంటింటి గుమ్మంలో నిలబడి ఆర్డిస్ పళ్ళు నూరుకుంది. కొనేవాడు పెంచుతున్నాడు, అమ్మేవాడు దించుతున్నాడు. ఇలాంటి బేరం ఇంకెక్కడైనా జరుగుతుందా? తీసుకుంటానని గేలెన్ అనడు, అంటే ఓర్లిన్‌ను తొందరపెట్టినట్టవుతుంది. తీసుకోమని ఓర్లిన్ అనడు, అంటే గేలెన్‌కి అంటగట్టినట్టవుతుంది. చివరికి గేలెన్ మోకాళ్ళ మీద చరిచి "సరే మరి" అని లేచాడు. గుమ్మం దగ్గర కాసేపు, మెట్ల మీద కాసేపు, కారెక్కాక కిటికీలోంచి ఇంకాసేపు మాట్లాడుకుని, పొద్దుగూకే వేళకు వెళ్ళాడు. తరువాతి ఆదివారం తెలిసింది, అతను వేరేచోట కొనేసుకున్నాడని. "మీ ఆయనకి అమ్మడం ఇష్టం లేనట్టుందమ్మా. మొహమాటపెట్టడమెందుకని ఊరుకున్నా," అన్నాడు గేలెన్ ఆర్డిస్‌తో.

అలా అలా నెలాఖరు శుక్రవారం వచ్చిపడింది. లోవెల్ పెట్టిన గడువు ఇంకొక్క రోజు. ఆ మధ్యాహ్నం వస్తామని ఊరి బడిలో కొత్తగా చేరిన పంతులూ పంతులమ్మా ఫోన్ చేశారు. జార్జియా నుంచి వచ్చిన కుర్ర జంట, మార్కస్, కెండ్రా. ఆర్డిస్ ఓర్లిన్‌ను వాకిట్లో మడతకుర్చీలో కూలేసింది.

"ఇవాళ నేను చూపిస్తా. నువ్వు నోరెత్తావంటే మర్యాదగా ఉండదు. వాళ్ళు అడిగినదానికి నిజమే చెప్తా. అడగందాని జోలికి పోను."

"అది అబద్ధమాడినట్టే కదుటే?"

"కాదు. పాస్టర్‌గారిని అడిగి కనుక్కున్నా."

పాస్టర్ని కూడా కూడగట్టుకున్న మనిషితో వాదించి లాభమేముంది?

ఆర్డిస్ నిజంగానే చక్కగా చూపించింది. కిటికీలు తెరిచింది, పొయ్యి వెలిగించింది, ఫ్రిజ్ తలుపును ఎవరూ గమనించకుండా మోకాలితో ఒక్కటిచ్చి మూసింది. వాకిట్లో ఓర్లిన్, వీపు మీద చీమ పాకుతున్నవాడిలా కుర్చీలో మెలికలు తిరిగాడు గానీ మాట మీద నిలబడ్డాడు. కెండ్రా చకచకా నిచ్చెనెక్కి మంచం మీద బోర్లా పడుకుని, అక్కడి చిన్న కిటికీలోంచి బయటికి చూసి కిలకిలా నవ్వింది.

"మార్కస్, పైకి రా. ఇక్కణ్ణుంచి లోకమంతా కనిపిస్తోంది."

ఒకప్పుడు తనూ అలాగే నవ్విన సంగతి ఆర్డిస్‌కి గుర్తొచ్చింది.

"పద్నాలుగు మాకు ఇష్టమేనండీ," అన్నాడు మార్కస్. "బ్యాంకు డబ్బు వచ్చే వారం చేతికొస్తుంది. రాగానే తెచ్చిస్తాం."

శనివారం దాటిపోతుంది. అయినా లోవెల్‌ను బతిమాలితే వింటాడేమో, ఫార్గో వాళ్ళు రారేమో అని ఆర్డిస్ మనసులో కూడికలూ తీసివేతలూ వేస్తుండగా, కెండ్రా పైనుంచి తల వేలాడేసి అడిగింది.

"ఇంత బావుంది కదండీ, మరెందుకు అమ్ముతున్నారు?"

కర్టెన్ల మాట నాలుక చివరిదాకా వచ్చింది. బయటికి రాలేదు. మొగుడికి ఏమన్నా చెప్పొచ్చు, కానీ డబ్బిచ్చి కొనుక్కునేవాళ్ళకు అబద్ధం చెప్పడం ఆర్డిస్ వల్ల కూడా కాలేదు. ఎంతైనా ఆమెదీ ఆ ఊరే. అడిగినదానికి నిజం చెప్తానన్నది తనే. పైగా పాస్టర్‌గారు సాక్షి.

"ఆ మంచం ఎక్కలేనమ్మా," అంది. "తుంటి నొప్పి. పోయిన ఏడు ఒకసారి ఎక్కి, దిగలేక తెల్లారేదాకా ఏడుస్తూ పడుకున్నా. తరవాత రోజులన్నీ ఈ బెంచీ మీదే పడుకున్నా. గాలి బాగా తగుల్తుందని ఆయనతో చెప్పా. రాత్రిపూట ఇంట్లో కూడా నొప్పే. అటూ ఇటూ తిరగలేను. ఈసారి కింద మంచమున్న బండి దొరక్కపోతే నేనిక సరస్సుకి పోను."

ఇన్ని మాటలు ఒక్కసారిగా ఎలా వచ్చాయో ఆమెకే తెలియలేదు. తలుపు తెరిచే ఉంది. వాకిట్లో కుర్చీ కదిలిన చప్పుడైంది.

ఓర్లిన్ తలుపు దగ్గరికొచ్చి నిలబడ్డాడు. మొహంలో రంగు లేదు. నోరెత్తనని మాటిచ్చాడు కనుక, బళ్ళో పిల్లాడిలా చెయ్యెత్తాడు.

"మాట్లాడొచ్చా?"

ఆర్డిస్ తలూపింది.

"బాబూ, మీ డబ్బు వచ్చే వారమన్నారు కదూ? అయితే కుదరదు. ఇది ఇవాళే వెళ్ళిపోవాలి."

"నాలుగు రోజులాగితే మీకే లాభం కదండీ," అన్నాడు మార్కస్ తెల్లబోయి.

"నాకు లాభం వద్దు. బండి లోవెల్ దుకాణంలో ఉంటుంది. కావాలంటే అక్కడ కొనుక్కోండి. కప్పు ఒకసారి కారింది. అతను చెప్పకపోతే నేను చెప్పానని చెప్పండి."

ఇంటికొచ్చిన మనుషుల్ని కాఫీ కూడా ఇవ్వకుండా, గుమ్మంలో ఒకసారి, కారు దగ్గర ఒకసారి మాట్లాడకుండా పంపేయడం ఆ ఇంట్లో ఎప్పుడూ జరగలేదు. ఆర్డిస్‌కి తల కొట్టేసినట్టయింది. వాళ్ళు క్యాంపర్ దిగగానే ఓర్లిన్ పికప్ స్టార్ట్ చేసేశాడు. ఆర్డిస్ వంటింట్లోంచి మిఠాయి పళ్ళెం తెచ్చుకుని పికప్ ఎక్కి, కదులుతున్న బండి కిటికీలోంచే దాన్ని కెండ్రా చేతిలో పెట్టి, పళ్ళెం తిరిగివ్వక్కర్లేదని చెప్పింది.

దారిలో ఓర్లిన్ చాలాసేపు రోడ్డునే చూస్తూ నడిపాడు. రెండు పక్కలా మొక్కజొన్న మోకాలెత్తు పెరిగి ఉంది.

"గాలి కోసమన్నావు," అన్నాడు చివరికి.

"గాలి కూడా వచ్చిందిలే."

"నేను అడిగాను కదుటే. ఎలా ఉందీ, ఎలా ఉందీ అని రోజూ అడిగాను."

"నువ్వు అడిగావు. నేను పర్వాలేదన్నాను." ఆర్డిస్‌కి సిగ్గేసింది. అంతకంటే ఎక్కువగా, ఎన్నాళ్ళుగానో మోస్తున్న బస్తా దింపినంత హాయిగా ఉంది. "నీ తప్పేం లేదు."

"ఎందుకు లేదు?" అన్నాడు ఓర్లిన్. "పక్కనే పడుకునేవాణ్ణి. తెలియొద్దూ?"

దుకాణం మూసేలోపే చేరారు. లోవెల్ తాళాలు చేతిలో పట్టుకుని బయటికొచ్చాడు. తొమ్మిదికే ఇచ్చేస్తానన్నాడు ఓర్లిన్. కానీ పుట్టుకతో వచ్చిన బుద్ధి ఎక్కడికి పోతుంది, వెంటనే గొంతు సవరించుకున్నాడు.

"ముందే చెప్పాలి లోవెల్. సొరుగులో ఒకసారి ఎలుక..."

"తెలుసు. ఫ్రిజ్ తలుపు పడదు, తాళం బిగుసుకుంటుంది, కప్పు కారింది. మొదటిసారి వచ్చినప్పుడే గంటసేపు చెప్పావు కదయ్యా. అందుకేగా తొమ్మిదన్నాను. నువ్వు నోరు మూసుకునుంటే పదకొండిచ్చేవాణ్ణి."

ఆర్డిస్ ఫక్కున నవ్వింది. ఓర్లిన్ నవ్వలేదు. ఆమె మోచెయ్యి పట్టుకుని కొత్త క్యాంపర్ దగ్గరికి నడిపించాడు. మెట్టు ఒక్కటే. ఆర్డిస్ ఎక్కి, లోపలికెళ్ళి, మంచం మీద కూర్చుని, మెల్లగా కాళ్ళు పైకి తీసి, కుడి పక్కకు తిరిగి పడుకుంది. ఓర్లిన్ తలుపులో నిలబడి టోపీ చేతుల్లో నలుపుతున్నాడు.

"ఎలా ఉంది?"

"పర్వాలేదు," అంది ఆర్డిస్ అలవాటు కొద్దీ.

"పర్వాలేదంటే?"

పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆ ప్రశ్న అతను అడగడం ఇదే మొదటిసారి. ఆర్డిస్ కళ్ళు మూసుకుని, తన ఒంటిని తనే కనుక్కుంటున్నట్టు కాసేపు కదలకుండా ఉంది.

"బావుంది," అంది. "ఇలా పడుకుంటే నొప్పి తెలియట్లేదు. చాలా బావుంది ఓర్లిన్."

ఓర్లిన్ టోపీతో కళ్ళు తుడుచుకున్నాడు. బయట లోవెల్ తాళాలు గలగలలాడిస్తున్నాడు. ఆర్డిస్ గోడ వైపు కొంచెం జరిగి, పక్కన చోటిచ్చింది.

"రా, నువ్వూ పడుకుని చూడు," అంది. "లోవెల్‌ని కాసేపు ఆగమను."