గోడకు రెండు పక్కల అగ్నిశిఖ

నేను ఒక అగ్నిశిఖ గడ్డను. నాగలిలా వంగి, రెండు కొనలతో ఉంటాను. కదిరి దగ్గరి గుట్టమీద రాళ్ల సందున పుట్టాను. ఏడాదికి రెండు వానలు పడితే చాలు, తీగ సాగి మంటల రంగులో పూస్తాను. నా నిలువెల్లా విషమే. ఉన్న విషాన్ని దాచుకుని నవ్వే అలవాటు మనుషులకే గానీ నాకు లేదు.

రోడ్డు కోసం గుట్టను తవ్వుతుంటే, మట్టిపనికి వచ్చిన ఓబుళమ్మ కంట్లో పడ్డాను. ఆమె నన్ను కొంగున కట్టుకుని ఇంటికి తెచ్చింది. ఇసుక కలిపిన ఎర్రమట్టిలో, జానెడు లోతున అడ్డంగా పడుకోబెట్టింది. చుట్టూ ముళ్లకంప నాటి, చేతులు మూడుసార్లు కడుక్కుంది.

ఆ వాకిలి ఇద్దరిది. అవతలి సగంలో ఆమె తోడికోడలు నాగసుబ్బమ్మ పదహారు కుండీల్లో గులాబీలు పెంచుతోంది. ఉమ్మడి బోరు నీళ్లలో సగం వాటికే పోయేవి. నా తీగ కనబడగానే ఆమె గొంతు లేచింది.

"విషపు గడ్డను తెచ్చి వాకిట్లో పెట్టినావే, ఎవురి పానం తీయాలని?"

"ఇది నీళ్లడగదక్కా. నీ గులాబీల మాదిరి బోరును ఎండబెట్టదు."

అప్పట్నుంచి వాళ్ల మధ్య మంచిమాట లేదు.

రెండో ఏడు నాగసుబ్బమ్మ పెయ్యదూడ పలుపు తెంచుకుని, కంప తోసుకొచ్చి నా ఆకులు నమిలింది. నురగలు కక్కుతూ పడిపోయింది. పశువుల డాక్టరు సాయంత్రం దాకా కూర్చుంటే గానీ బతకలేదు. దూడమీద నాకు పగ లేదు. ఎవరు నమిలినా నేనింతే.

"కావాలనే కంప తీసినావు!" అని ఆమె, "పలుపు తెంచిన నీ దూడనడుగు!" అని ఈమె. ఏ విషయంలోనూ మాట కలవని వాళ్ల మొగుళ్లకు, ఆ అన్నదమ్ములిద్దరికీ ఆరోజు ఒక్కదాంట్లో కలిసింది: వాకిలి మధ్య గోడ కట్టాలి.

పునాది తవ్వుతున్న మేస్త్రీ గడ్డపార నన్ను సరిగ్గా వంపు దగ్గర విరిచింది. ఒక ముక్క మట్టితోపాటు ఇటు పడింది, ఒకటి అటు. అప్పట్నుంచి నేను ఇద్దరిని.

మరుసటి ఏడు వానలు మొహం చాటేశాయి. బోరు ఎండింది. గులాబీలు పుల్లలై నిలిచాయి. ఎట్టకేలకు పడిన ఒక్క వానకే నేను గోడకు రెండు పక్కలా మొలిచాను.

నాగసుబ్బమ్మ గడ్డపార పట్టుకుని వచ్చింది. "ఈడకూ వచ్చినావా, దిక్కుమాలిందానా!" అంటూ ఎత్తింది. అప్పటికి నా తీగకు మూడు మొగ్గలు. ఆ ఎండు వాకిట్లో పచ్చగా ఉన్నది నేనొక్కదాన్నే. ఆమె గడ్డపార దించింది. నన్ను తిడుతూనే వెళ్లి, దూడను పెరట్లోకి మార్చి కట్టింది.

పూలు విచ్చి గోడపైకి ఎగబాకిన రోజున ఓబుళమ్మ అవతల్నుంచి అరిచింది.

"అది నా గడ్డ. తీసియ్యి!"

"మా మట్టిలో మొలిచింది మాది."

"విషమంటివి కదా!"

"విషమైతే నీకెందుకే?"

గోడ లేచినప్పటి నుంచి, పదకొండు నెలలుగా వాళ్లకు మాటల్లేవు. ఆ రోజు పొద్దుగూకేదాకా, వీధి వీధంతా వినేలా తిట్టుకున్నారు.

మర్నాడు తెల్లవారగానే ఓబుళమ్మ గోడ దగ్గరికి వచ్చింది. అప్పటికే అవతల నాగసుబ్బమ్మ, నిన్నటి తిట్టుకు జవాబు సిద్ధం చేసుకుని నిలబడి ఉంది.