ఎడమచెవి పట్టిన సీటు

దీపావళికి కొత్త హిందీ బొమ్మ పడిందని తెలియగానే నూకరత్నం ఎడమచెవి ముందుగా హాలుకు వెళ్ళి సీటు పట్టుకుంటుంది. చేతిరుమాలు వేసినట్టే, వెనక వరసలో ఎడమపక్క కుర్చీ మీద పడుకుని ఉంటుంది. అది ఆమె భర్త సన్యాసిరావు కూర్చునే కుర్చీ. ఆయన పోయి ఏడాది కావస్తోంది.

నూకరత్నం వంటిల్లు సర్దుకుని, పక్కవాటా పోలమ్మను వెంటబెట్టుకుని నిదానంగా మాట్నీకి బయల్దేరుతుంది.

గేటు దగ్గర మనిషి టికెట్లు చింపుతూ, "సెవికి టికెట్టక్కర్నేదు గాని, దాని కమ్మకి కావాల," అంటాడు.

"కమ్మ మా ఆయన సేయించిందే బాబూ."

"అయితే ఆయన లెక్కలోకే వస్తాది. ఎల్లండి."

సన్యాసిరావు ఓడరేవులో ఓడలకు రంగులేసేవాడు. ఓడల మీద విన్న నాలుగు ముక్కలే ఆయనకు వచ్చిన హిందీ. అయినా ఏటా దీపావళికి, పెద్ద పెద్ద మేడలూ మేడంతేసి లంగాలూ ఉండే ప్రేమ సినిమాకు ఆమెను తీసుకొచ్చి, ఎడమచెవిలో అర్థం చెప్పేవాడు. ఆయన చెప్పే అర్థం ప్రకారం ఎంతటి రాజుగారమ్మాయైనా చివరికి అడిగేది ఒకటే, పులుసులో చింతపండు సరిపోయిందా అని. నూకరత్నం నమ్మేది కాదు. నమ్మకుండా వినడమే ఆమెకు ఇష్టం.

పోయినేటి సినిమాలో నాయిక పాలరాతి మెట్ల మీద నిలబడి ఏదో అంది. హాలంతా ఏడ్చింది. ఆయనొక్కడే నవ్వాడు. ఏటందండీ అని అడిగితే, "ఇంటికెళ్ళాక సెప్తాన్లే," అన్నాడు. ఇంటికెళ్తే గుమ్మం నిండా చుట్టాలు. ఆ చుట్టాలు వెళ్ళకముందే ఆయన వెళ్ళిపోయాడు. ఆ ఒక్క మాట కోసమే ఆమె ఇవాళ వచ్చింది.

తెర మీద మేడ ఒక్కో పాటకు ఒక్కో గది పెంచుకుంటుంది. గదులకు చోటు చాలక, ముందు వరసల వాళ్ళు కుర్చీలతో సహా వెనక్కి జరుగుతారు. నాయిక ఓణీ తెర దాటి వస్తుంది. పెళ్ళిలో అక్షింతల పళ్ళెం అందించినట్టు, జనం దాన్ని చేతులు మార్చి వెనక్కి పంపుతారు. పోలమ్మ అంచు తడిమి, "జరీ మంచిదే. ఉతికితే ఆగదు," అంటుంది.

సినిమా కొత్తదే గాని మెట్లు పోయినేటివే. నాయిక వాటి మీద నిలబడి, నోరు తెరిచి, ఆగిపోతుంది. తన ఓణీ పట్టుకుని వరసలు దాటుకుంటూ వచ్చి నూకరత్నం దగ్గర వంగుతుంది.

"అమ్మా, ఇక్కడ నానేటనాల? మీ ఆయన సెప్పందే నాకు మాట రాదు."

"నాకూ సెప్పనేదమ్మా. ఇంటికెళ్ళాక సెప్తానన్నారు."

"ఇల్లు అదే గదా," అని నాయిక వేలు చూపిస్తుంది.

పాలరాతి మెట్ల పైన, ఓడలకు వేసే బూడిదరంగు పూసిన వాళ్ళింటి తలుపు ఉంది. సన్యాసిరావు గుమ్మంలో గొంతుక్కూర్చుని ప్రమిదల్లో నూనె పోస్తున్నాడు. నూకరత్నం లేస్తుంది. కుర్చీ కూడా ఆమెతోపాటే లేస్తుంది. ఆమె టికెట్టు కుర్చీ వరకే.

"సెవినియ్యి, నాను పట్టుకెల్తాను. కానీ ఎల్తే మరి తిరిగి రాదు," అంటుంది నాయిక.

నూకరత్నం పక్క కుర్చీలోని చెవిని ఒళ్ళోకి తీసుకుని కాసేపు నిమురుతుంది. శీల తిప్పి కమ్మ విప్పి గుప్పిట్లో పెట్టుకుంటుంది. "మెల్లిగా పట్టుకో తల్లీ. దానికి సల్లగాలి పడదు," అని చెవిని అందిస్తుంది.

నాయిక మెట్లెక్కి దాన్ని ప్రమిదల వరసలో పెడుతుంది. ఆయన అందులోనూ నూనె పోసి, వత్తి వేసి, వెలిగిస్తాడు. తర్వాత వంగి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, దానితో ఏదో అంటాడు. మంట ఆయన వైపు ఒరుగుతుంది.

పక్కనే ఉన్న నాయిక అదే మాట హిందీలో చెబుతుంది. హాలంతా ఏడుస్తుంది. నూకరత్నం ఒక్కతే నవ్వుతుంది.

"ఏటన్నాడొదినా?" పోలమ్మ ముక్కు చీదుకుంటూ అడుగుతుంది.

"ఇంటికెళ్ళాక సెప్తాన్లే."

గుప్పిట్లో కమ్మ గోరువెచ్చగా ఉంది. ఆమె ఎడమ చెంప పక్కన, చెవి ఉండవలసిన చోట, నువ్వులనూనె పొగ సన్నగా లేస్తోంది.