మెడ వాపు

ఎద్దు మెడ మీద చెయ్యి వేస్తే చాలు, దాని జాతకమంతా చెప్పేస్తాడు కురుమూర్తి. పెబ్బేరు ఎద్దుల అంగడిలో పాతికేళ్ల దళారి మరి. తన గుండె సంగతి మాత్రం, రెండువేల ఆరు ఆషాఢంలో ఓ మంగళవారం గడ్డివామి దగ్గర కూలబడేదాకా తెలియలేదు.

శుక్రవారానికి వనపర్తి దవాఖానలో లేచి కూర్చున్నాడు. పొట్ట నిండా సూదుల నల్ల మచ్చలు.

"నొప్పి లేదు సారు. రేపు అంగడి ఉంది, పోత" అన్నాడు డాక్టరుతో.

"నొప్పి పోయింది గానీ దెబ్బ మానలేదు. గుండెలో కొంత కండ చచ్చింది, దాని చుట్టూ వాపుంది. అది ముదిరితే మంచి కండ కూడా చెడుతుంది. ఈ సూది రక్తం గడ్డకట్టకుండా ఇస్తున్నాం. వాపును కూడా తగ్గిస్తుందేమోనని పరిశోధిస్తున్నారు, ఇంకా తేలలేదు. నువ్వు మాత్రం ఇప్పుడే బరువు పనికి పోకూడదు."

వాపు అనగానే కురుమూర్తికి ఎద్దుల మెడలు గుర్తొచ్చాయి. కాడి రాసుకుని వాచిన మెడకు తడిగుడ్డ చుట్టి, ఒక్క పూట వాపు కనపడకుండా అణచడం ఆయనకు వెన్నతో పెట్టిన విద్య. కొన్నవాడు మర్నాడే దాన్ని నాగలికి కడతాడు. తర్వాత ఏమయ్యేదో ఆయన ఏనాడూ వెళ్లి చూడలేదు. ఇప్పుడూ ఇంటి దగ్గర ఒక ఎద్దు మెడకు తడిగుడ్డ ఉంది.

ఆ ఎద్దును రేపు అంగడికి తోలుకుపోయే సంగతి మాట్లాడటానికే మధ్యాహ్నం జంగయ్య దవాఖానకు వచ్చాడు. నిరుడు కురుమూర్తి మాట నమ్మి ఎద్దును కొన్నవాడే.

"నీ ఎద్దు ఎట్లుంది జంగయ్య?"

"అప్పుడే సచ్చిపాయె అన్న. మూడోనాడే మెడ పగిలింది. నేల పదును పోతదని ఆపకుండ దున్నిన. నేనే సంపుకున్న."

కురుమూర్తికి సిగ్గుతో తల వాలిపోయింది.

"నువ్వు సంపలే. నేను అమ్మేటప్పుడే దానికి వాపుండె. నాకు తెలుసు. గుడ్డ కట్టి దాచిన."

జంగయ్య మంచం పక్కనున్న స్టూలు మీద కూర్చున్నాడు.

"రేపు మా ఇంటికాడి ఎద్దును తోల్కపోకు. గుడ్డ ఇప్పెయ్. వాపు దిగేదాక దానికి కాడి పెట్టొద్దు" అన్నాడు కురుమూర్తి.

నర్సు సూది తెచ్చింది. కురుమూర్తి తానే చొక్కా ఎత్తాడు. ఆ మచ్చలు చూసి జంగయ్య లేచాడు.

"ఏడాది సంది నా పెండ్లాం రాధమ్మ నన్నే అంటది, ఎద్దును సంపినోడని. ఈ మాట నువ్వే వచ్చి చెప్పాలె. నేను చెప్తే నమ్మదు."

"వస్త" అన్నాడు కురుమూర్తి. "నా వాపు గూడ దిగనీ."