మెడ మీది సాక్ష్యం

లేదు సార్ అనేశాను నిన్న, ఎంత తేలిగ్గా వచ్చిందో ఆ మాట, మా ఇంట్లో ఇంకెవురికీ ఈ గడ్డ లేదు సార్ అని, డాక్టర్ ఉమామహేశ్ తల ఎత్తకుండా రాసుకున్నాడు, ఆయన రాసుకున్నప్పుడు అది అబద్ధం కాదు, నాకు తెలియదు గనక, ఈ పొద్దున ఎనిమిదిన్నరకు అబద్ధమైంది, ఇప్పుడు తొమ్మిది దాటింది, నేను ఆపరేషన్ థియేటర్ తలుపు ముందు స్ట్రెచర్ మీద పడుకుని ఉన్నాను, పైన ట్యూబ్‌లైటు వెలగాలా వద్దా అని ఆలోచిస్తోంది, లోపల ముందు మనిషిది ఇంకా అయిపోలేదు, పది నిమిషాలుండమ్మా అంది నర్సు, పది నిమిషాలంటే కర్నూలులో అరగంట, మా కోడుమూరులో అయితే గంట, అంతసేపట్లో ఒక మాట చెప్పడం పెద్ద పనా, పెద్ద పనే, మూడేళ్ళుగా చెప్పలేకపోయిన మాట అది, గడ్డ కుడివైపు దవడ కింద నిమ్మకాయంత ఉంది, తలకు పోయే పెద్ద రక్తనాళం రెండుగా చీలే చోట పుడుతుందట, డాక్టరు కాగితం మీద పంగలకర్ర బొమ్మ గీసి ఆ పంగలో గుండ్రంగా సున్న చుట్టి, ఇది చాలా అరుదమ్మా అన్నాడు, ఆయన మొహంలో కొంచెం సంతోషం కూడా కనబడింది, తప్పు పట్టలేను, మా ఊళ్ళో రెండు తలల దూడ పుట్టినప్పుడు మేమందరమూ అట్లాగే చూశాం, గొంతు నరం దాని పక్కనే పోతుందట, కోసేటప్పుడు తగిలితే గొంతు బొంగురుపోవచ్చు, కొన్నాళ్ళు మాటే రాకపోవచ్చు, ఎక్కడో ఒకరిద్దరికి పక్షవాతం కూడా రావచ్చు, అన్నీ విని రాహేలమ్మ అని సంతకం పెట్టాను, నా సంతకం కింద నా మొగుడు పెద్దన్న పెట్టాడు, ఆయన అడిగింది ఒక్కటే, మాట పోతే మళ్ళా వస్తాదా సార్ అని, పాతికేళ్ళుగా నా నోటికి జడిసిన మనిషి అడగాల్సిన ప్రశ్నేనా అది, అయినా కళ్ళ నీళ్ళు పెట్టుకుని అడిగాడు.

ఆపరేషన్‌కు పోయే ఆడవాళ్ళకు రెండు జడలు వేయాలట, నలభై ఏడేళ్ళకు మళ్ళీ రెండు జడలు, పొద్దున నా కూతురు స్తుతి మంచం మీద వెనక కూర్చుని అల్లింది, ఏమమ్మా, బడికి పోతాండావా అని నవ్వింది, వంగి రెండో జడ కొస కడుతుంటే మెడకు చుట్టుకున్న చున్నీ జారింది, మే నెల కర్నూలు ఎండలో మెడకు రెండు చుట్లు చున్నీ ఏమిటి ఈ పిల్లకు అని నాలుగు రోజులుగా చూస్తూనే ఉన్నాను, వేరే ఊళ్ళో ఉండి బట్టల షాపులో పని కదా, పొద్దంతా ఏసీలో నిలబడి చీరలు విప్పి చూపిస్తుంది, అలవాటేమోలే అనుకున్నాను, దొంగను దొంగే పట్టాలంటారు, మూడేళ్ళు పైట మెడ దాకా లాక్కుని తిరిగినదాన్ని, నేనే పట్టలేకపోయాను, ఎడమవైపు, సరిగ్గా దవడ కింద, రేగుపండంత, వేలు పెట్టాను, నాది కొట్టుకున్నట్టే కొట్టుకుంటోంది, ఇది ఒక్కోసారి ఇంటివాళ్ళలో ఇంకొకరికి కూడా వస్తుందమ్మా, చిన్నగా ఉన్నప్పుడే తీస్తే మంచిది, అందుకే అడుగుతున్నా అన్నాడు కదా నిన్న డాక్టరు, ఎన్నాళ్ళ నుంచే ఇది అంటే ఎనిమిది నెల్లు అంది, ఏమే, చెప్పకూడదా అంటే, చెప్తే ఆస్పత్రికి పట్టుకపోతావని చెప్పలా, ప్రార్థన చేసుకుంటాండా, నీ సాక్ష్యం వీడియో నా ఫోన్లోనే ఉండాది, దినామూ చూస్తాండా, నీకు మూడు దినాల్లో పోయె కదా, నాకు విశ్వాసం చాలక లేటైతాండాది అంతే అంది, నాకు మళ్ళా వచ్చె కదే అన్నాను, అది కొత్తది లేమ్మా, పాతది దేవుడు తీసేసినాడు, నువ్వే చెప్తివి గదా అంది, ఇంతలో స్ట్రెచర్ వచ్చేసింది.

నేనే చెప్పాను, నిజమే, ఆ ఆదివారం మందిరంలో మైకు పట్టుకుని, అప్పుడు నాకు జ్వరం, గొంతునొప్పి, మెడంతా వాచి కూర్చుంది, ఊళ్ళో ఆర్‌ఎంపీ ఇచ్చిన మాత్రలు ఒకపక్క, పాస్టర్ దావీదురాజు అయ్యగారి ఉపవాస ప్రార్థన ఒకపక్క, అసలే బక్క మనిషి, నా కోసం మూడు దినాలు గంజి కూడా ముట్టలేదు, నూనె రాసి తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశాడు, వాపు తీసింది, జ్వరం పోయింది, మా సోదరి రాహేలమ్మ ఇప్పుడు ముందుకొచ్చి సాక్ష్యం చెప్తాది అన్నాడు, లేచి నడుస్తూ మెడ తడుముకున్నాను, పైపై వాపు లేదు గానీ లోపల గడ్డ ఉండనే ఉంది, టకటకా కొట్టుకుంటోంది, కానీ అందరూ నా నోటికేసి చూస్తున్నారు, అయ్యగారి పెదవులు పగిలి ఉన్నాయి, సగం పోయింది సగం ఉంది అని సాక్ష్యం ఎవరైనా చెప్తారా, పెళ్ళిపంక్తిలో లడ్డు వడ్డించేవాడిని వద్దనలేక తినేస్తామే, అట్లా అనేశాను, గడ్డ పోయింది, శనగగింజంత కూడా లేదు, దేవునికే స్తోత్రం అని, అందరూ స్తోత్రం అన్నారు, దేవుడి మీద భక్తితో కాదు, మనుషుల మీద మొహమాటంతో చెప్పిన అబద్ధం, దేవుడు నన్ను ఏమీ అడగలేదు, అడిగితే నిజమే చెప్పేదాన్ని, ఆ తర్వాత పైట పైకి లాక్కోవడం మొదలుపెట్టాను, గడ్డ పెరిగి దాచలేకుండా అయ్యాక పోయిన ఏడాది కొత్తగా వచ్చిందన్నాను, డాక్టరుకూ అదే చెప్పాను.

ఇంకో ఐదు నిమిషాలు అంటోంది నర్సు, చేతికి పెట్టిన సూది సర్దుతోంది, ముందు నాది కానీలే, బయటికొచ్చాక చెప్పొచ్చు, ఈలోపల మాట పోతే కాగితం మీద రాయొచ్చు, కానీ రాస్తే ఆ పిల్ల నమ్మదు, అమ్మకు మత్తు ఇంకా దిగలేదంటుంది, పోనీ డాక్టరు చెవిలో వేస్తే స్కానింగు అంటాడు, అట్లాగే సార్ అని ఆ పిల్ల తలూపి సాయంత్రం బస్సెక్కి షాపుకు పోతుంది, నా కూతురు గదా, మా ఇంట్లో తలూపడం అందరికీ వచ్చు, అది నమ్మేది నా నోటినే, ఆ నోరు ఇప్పుడు థియేటర్లోకి పోతోంది, మరి చెప్తే ఏం పోతుంది, అయ్యగారు తలొంచుకుంటాడు, మందిరంలో నా పక్కన కూర్చునేవాళ్ళు నాలుగు దినాలు జరిగి కూర్చుంటారు, అంతేనా అంటే అంతే, అయినా భయంగా ఉంది, కత్తికి కాదు.

అసలు వాళ్ళలో నమ్మిందెవరు అని ఇప్పుడు లెక్క చూసుకుంటే నవ్వొస్తోంది, సాక్ష్యం చెప్పిన పదిహేను దినాలకు అయ్యగారే మందిరం వెనక ఆపి, కర్నూలు పోయి ఒకసారి డాక్టరుకు గూడా సూపిచ్చుకోమ్మా అన్నాడు, గొంతు తగ్గించి అన్నాడు, పెద్దన్న పక్కనే పడుకునే మనిషి, నా మెడ ఆయనకు తెలియదా, పైట సరిగ్గా కప్పుకో అని ఊరుకున్నాడు, శనగ పీకేటప్పుడు చెమట తుడుచుకుంటుంటే పక్క సాలులో ఆడవాళ్ళు చూడలేదా, చూసి తల తిప్పుకున్నారు, అయ్యో, ఎవురూ నమ్మలేదు, నా మొహమాటానికి వాళ్ళ మొహమాటం సరిపోయింది, మూడేళ్ళుగా ఎవరి కోసం దాచుకున్నానో వాళ్ళకందరికీ తెలుసు, తలుపు తెరుచుకుంది, డాక్టర్ ఉమామహేశ్ మాస్కు కట్టుకుని వచ్చాడు, రెడీనా అమ్మా అన్నాడు, లేదు సార్ అన్నాను, నా బిడ్డను పిలిపించండి, ఆ పిల్ల మెడలో గూడా ఉండాది, నిన్న నాకు తెల్దు, దానికి మీ ముందరే ఒక మాట చెప్పాల, ఆయన నన్ను ఒక్క క్షణం చూసి నర్సుకు సైగ చేశాడు, స్తుతి పరుగెత్తుకుంటూ వస్తోంది, చెప్పులు బయటే వదిలేసి, ఏమైంది సార్, మా అమ్మకేమైంది అంటూ, దాని చెయ్యి పట్టుకున్నాను, నాకు నయం కాలేదే, ఆ ఆదివారం మైకు పట్టుకున్నప్పుడు గూడా గడ్డ ఉండాది, నా వేలికి తగుల్తానే ఉండాది అన్నాను, గొంతు బాగానే పలికింది, అది నన్నే చూస్తూ చున్నీ కింద వేలు పెట్టి తన మెడ తడుముకుంటోంది, ఆ రోజు మందిరం నిండా స్తోత్రం అన్నవాళ్ళలో నా మాట నిజంగా నమ్మింది పంతొమ్మిదేళ్ళ ఈ పిల్ల ఒక్కతే.